కరోనా తర్వాత హైదరాబాద్‌లో బ్లడ్ క్యాన్సర్లు పెరిగాయా? స్లైడ్లు చూసే మనిషిగా నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థమయ్యేలా ముందు ఆ ప్రశ్నని క్లుప్తంగా చెప్తా. కూకట్‌పల్లిలో మీ అపార్ట్‌మెంట్‌లో 2021 చివర్నుంచి ఏడాదిన్నరలో ముగ్గురికి బ్లడ్ క్యాన్సర్ బయటపడింది. మీ బాబాయి గారికి సీఎమ్ఎల్ (మెల్లగా ముదిరే ఒకరకం లుకేమియా, అంటే తెల్లకణాల క్యాన్సర్), పక్క బ్లాక్ అంకుల్‌కి మైలోమా (ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల క్యాన్సర్), కింద ఫ్లోర్‌లో తొమ్మిదేళ్ళ బాబుకి ఏఎల్ఎల్ (పిల్లల్లో ఎక్కువగా కనిపించే, వేగంగా ముదిరే లుకేమియా). ముగ్గురి ఇళ్ళల్లోనూ అంతకుముందు కరోనా వచ్చిపోయింది. ఇది కరోనా వల్లా, టీకా వల్లా, మా బోరు నీళ్ళ వల్లా, అసలు సిటీ మొత్తం మీద పెరిగాయా అని అడుగుతున్నారు.

నేను హెమటాలజీ పాథాలజిస్ట్‌ని, అంటే పేషెంట్ మొహం కన్నా ముందు పేషెంట్ రక్తం చూసే మనిషిని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, కరోనా రెండు వేవ్‌లూ మైక్రోస్కోప్ ముందే గడిచాయి.

సూటిగా చెప్తే: కరోనా వల్ల బ్లడ్ క్యాన్సర్ పుట్టడం పెరిగిందనడానికి గట్టి ఆధారం లేదు. మారింది ఏంటంటే అది బయటపడే టైము. 2020లో కేసులు తగ్గినట్టు కనిపించాయి, ఆ తర్వాత ఒక్కసారిగా పెరిగినట్టు కనిపించాయి, చాలావరకు అదే జనం అదే జబ్బు, కాకపోతే ల్యాబ్‌కి చేరిన తేదీలు వేరు. అలాగని కరోనా ఏమీ చెయ్యలేదని కాదు, చేసింది, బాగానే చేసింది, అయితే అది కేసుల లెక్కలో కనపడే రకం కాదు. అదే చెప్పాలని ఇంత పెద్దగా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ముందు ఆ తగ్గుదల సంగతి. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మామూలుగా సోమవారం పొద్దున పదింటికల్లా మా బెంచీ మీద రక్తం పట్టిన పర్పుల్ మూత ట్యూబులు ర్యాకులు ర్యాకులుగా వచ్చి పడేవి, మెషిన్‌కి ఊపిరాడేది కాదు. ఆ ఏప్రిల్‌లో ఒక సోమవారం మా టెక్నీషియన్ రెండు ర్యాకులు తెచ్చి పెట్టి "ఇంతే మేడం" అన్నాడు. నేను మిగతావి ఇంకా ఆటోలో ఉన్నాయేమో అనుకున్నా. ఆటోలే లేవు.

ఇది మా ఒక్కరి కథ కాదు. దేశంలో 41 క్యాన్సర్ సెంటర్ల లెక్కలు తీసి 2021లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వేశారు. 2019 మార్చి నుంచి మే దాకా కొత్తగా రిజిస్టర్ అయిన పేషెంట్లు 1,12,270 మంది, 2020లో అవే మూడు నెలల్లో 51,760 మంది, అంటే 54 శాతం తగ్గారు. ఇవి అన్ని క్యాన్సర్లూ కలిపి, బ్లడ్ క్యాన్సర్ ఒక్కటే కాదు. ఫాలో అప్ విజిట్లు 46 శాతం, ఓపీలో ఎక్కించే కీమో 37 శాతం తగ్గాయి. మరి ఆ మూడు నెలల్లో దేశంలో క్యాన్సర్ సగానికి పడిపోయిందా? ఎక్కడ పడిపోతుందండీ, జబ్బు ఉన్నచోటే ఉంది, మనిషే ఇంట్లోంచి కదల్లేదు.

హైదరాబాద్‌లో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, పంజాగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం, క్యాన్సర్ చూసే ఈ ఆస్పత్రులకి వచ్చేవాళ్ళలో సిటీవాళ్ళ కన్నా బయటివాళ్ళే మోపెడు మంది. ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, ఇటు కర్నూలు, అటు బీదర్, నాందేడ్. రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి ఓపీ చీటీ తీసుకుని సాయంత్రం బండెక్కే జనం. రైళ్ళు లేవు, బస్సులు లేవు, సిటీలో మెట్రో మళ్ళీ మొదలైందే సెప్టెంబర్ 7న. గాంధీ హాస్పిటల్‌ని పూర్తిగా కోవిడ్‌కి ఇచ్చేశారు, దాంతో మామూలు జ్వరమొచ్చినా పెద్దాస్పత్రి అంటేనే జనానికి హడలు. సంగారెడ్డి దాటి ఉన్న ఒక ఊరి నుంచి పేషెంట్ వాళ్ళ అన్న ఫోన్లో అన్నమాట నాకు ఇంకా గుర్తు, "మేడం, రావాలంటే పాస్ గావాలె, పాస్ గావాలంటే కాయితం గావాలె, కాయితం ఇచ్చేటోళ్ళు పట్నంల ఉన్నరు." దీనికి ఏం సమాధానం చెప్పాలి.

అన్ని బ్లడ్ క్యాన్సర్లూ ఒకేలా తగ్గలేదు. ఇది చాలామందికి తెలీదు. అక్యూట్ రకాలు, అంటే వేగంగా ముదిరే ఏఎంఎల్, ఏఎల్ఎల్ అనే లుకేమియాలు, ఇవి ఆగవు. జ్వరం, చిగుళ్ళలోంచి రక్తం, ఒంటి మీద ఎర్ర చుక్కలు, వారాల్లో మనిషిని పడగొట్టేస్తాయి, లాక్‌డౌన్ ఉన్నా లేకున్నా ఎలాగోలా ఆస్పత్రికి చేరాల్సిందే, లేదంటే చేరకుండానే పోవాలి. క్రానిక్ రకాలు వేరు. సీఎల్ఎల్ (ఎక్కువగా పెద్దవయసులో వచ్చే నెమ్మది లుకేమియా), మెల్లగా పెరిగే లింఫోమాలు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లు), మైలోమా, మీ బాబాయి గారి సీఎమ్ఎల్ కూడా కొంతవరకు, ఇవి నెలల తరబడి నోరు మెదపకుండా కూర్చుంటాయి. వీటిల్లో బోలెడన్ని వేరే పని మీద చేయించుకున్న సీబీసీ అనే రక్తకణాల లెక్క పరీక్షలోనో ఆఫీసు హెల్త్ చెకప్‌లోనో దొరికేవే. ఆఫీసులు మూతపడ్డాయి, చెకప్‌లు లేవు, మోకాలి ఆపరేషన్లూ వాటికి ముందు చేసే రక్తపరీక్షలూ వాయిదా పడ్డాయి, మరి ఎక్కడ దొరుకుతాయి?

మైలోమా గురించి ఒక చిన్నమాట. దీనికి మొదట వచ్చేది నడుంనొప్పి, నీరసం. 2020లో మాదాపూర్, గచ్చిబౌలి మొత్తం డైనింగ్ టేబుల్ కుర్చీ మీద కూర్చుని పని చేసింది కదా, నడుంనొప్పి లేనోడు ఎవడు? కుర్చీ మార్చారు, బెల్ట్ పెట్టుకున్నారు, నొప్పి గోలీలు మింగారు. యాభై దాటిన మనిషికి నడుంనొప్పితో పాటు హిమోగ్లోబిన్ తక్కువ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే అంకె) ఎక్కువ ఉంటే అది కుర్చీ తప్పు కాదు. మీ పక్క బ్లాక్ అంకుల్ కథ కూడా ఇలాగే మొదలై ఉంటుందని నా అనుమానం, అడిగి చూడండి.

ఇప్పుడు అక్యూట్ కేసు ఒకటి చెప్తా, నన్ను బాగా ఇబ్బంది పెట్టిన కేసు. 2020 జూలై, ముప్పై లోపు కుర్రాడు, డెలివరీ పని. పన్నెండు రోజులుగా జ్వరం. మొదట కోవిడ్ టెస్ట్ నెగటివ్, మళ్ళీ చేశారు మళ్ళీ నెగటివ్, అయినా "ఫాల్స్ నెగటివ్ అయ్యుంటది" అని రూంలో పెట్టి తలుపేశారు. బ్రష్ చేస్తే రక్తం వస్తోందని అతను చెప్తే ఎవరో విటమిన్ సి తక్కువన్నారు. చివరికి ఎవరో సీబీసీ రాశారు. సాయంత్రం ఏడు దాటాక ట్యూబ్ మా దగ్గరికొచ్చింది, ప్లేట్‌లెట్లు 9 వేలు, తెల్లకణాలు 2,300, మెషిన్ ఎర్ర జెండా ఊపింది. టెక్నీషియన్ రక్తం చుక్కని గాజుపలక మీద పల్చగా లాగి (దీన్నే స్మియర్ అంటాం) లీష్మన్ రంగు వేసి తెచ్చాడు. ఆయిల్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్కో చోట ఒకటో రెండో తెల్లకణాలే ఉన్నాయి గానీ వాటిలో ఒకదాని కడుపునిండా పుల్లలు, కట్టెలమోపు కట్టినట్టు ఊదా ఎరుపు పుల్లలు. చదువుకున్న రోజుల నుంచి ఆ బొమ్మ చూస్తే గుండె ఝల్లుమంటుంది. దాన్ని ఏపీఎల్ అంటారు, ఏఎంఎల్‌లో ఒక రకం. బ్లడ్ క్యాన్సర్లలో దీనంత బాగా నయమయ్యేది ఇంకోటి తక్కువ, అట్రా అనే గోలీలు, ఆర్సెనిక్ మందు ఇస్తే ఎక్కువమంది పూర్తిగా బాగుపడతారు, అయితే మొదటి రోజుల్లో మెదడులో రక్తస్రావం కాకుండా దాటాలి. నేను అప్పటికప్పుడు ఫోన్ చేశా, ఆ రాత్రే గోలీ మొదలుపెట్టారు, ప్లేట్‌లెట్లు ఎక్కించారు. రెండోరోజు పొద్దున అతను స్పృహలో లేడు, మూడోరోజు పోయాడు.

ఆ కుర్రాడు లెక్కల్లో ఎలా కనిపిస్తాడు? 2020 సంవత్సరం, మగ, అక్యూట్ లుకేమియా, 1. అంతే. పన్నెండు రోజులు తలుపు వెనక ఉన్నాడని ఆ 1 చెప్పదు. అదే అతను మూడు రోజుల ముందు ఇంట్లోనే పోయుంటే ఆ 1 కూడా ఉండేది కాదు, జ్వరమొచ్చి పోయాడు, కోవిడ్ అయ్యుంటుంది అనుకునేవాళ్ళు. అలా ఎవరి లెక్కలోకీ రాకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, వాళ్ళు కూడా "తగ్గుదల"లో భాగమే. పెద్దవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ, లోపల సీఎల్ఎల్ గానీ మైలోమా గానీ ఉండి తెలియకుండానే కోవిడ్‌తో పోయిన తాతలు, అమ్మమ్మలు, వాళ్ళ సర్టిఫికెట్లో కోవిడ్ న్యుమోనియా అని ఉంటుంది.

ఇది మనకి కొత్తేం కాదు. ఏటా వానాకాలం సిటీలో ప్లేట్‌లెట్లు పడ్డాయంటే చాలు డెంగీ అనేసి బొప్పాయి ఆకు రసం పట్టిస్తారు, అందులో ఏడాదికి కొంతమంది లుకేమియావాళ్ళు ఉంటారు. కరోనా ఆ వానాకాలాన్ని ఏడాది పొడుగునా సాగదీసిందంతే.

ఇక పెరుగుదల. దీనికి మూడు కారణాలు నాకు బెంచీ మీద కనిపించాయి.

మొదటిది, ఆగిపోయినవాళ్ళంతా ఒకేసారి రావడం. ఇది చెప్పక్కర్లేదు, డ్యామ్ గేట్లు ఎత్తినట్టు. అయితే వచ్చినవాళ్ళు ముదిరి వచ్చారు, తెల్లకణాలు 40 వేల దగ్గర దొరకాల్సిన సీఎమ్ఎల్ 3 లక్షల దగ్గర దొరికింది, ప్లీహం బొడ్డు దాకా పెరిగింది.

రెండోది, 2021 ఏప్రిల్, మే, ఆ సెకండ్ వేవ్‌లో సిటీలో దగ్గు వచ్చిన ప్రతి మనిషీ సీబీసీ, సీఆర్పీ, డీ డైమర్ అనే రక్తపరీక్షలు చేయించుకున్నాడు. జన్మలో సూది గుచ్చించుకోనివాళ్ళు కూడా. అంతమంది రక్తం చూస్తే ఏదో ఒకటి దొరక్క మానదు. కోవిడ్ టెస్టుకి వచ్చి సీఎల్ఎల్ కాగితం పట్టుకుని ఇంటికెళ్ళినవాళ్ళని నేను చూశా. వాళ్ళకి ఆ జబ్బు కోవిడ్ ఇచ్చిందా? లేదు, కోవిడ్ వచ్చింది కాబట్టి లైటు వేశారు, లైటు వేస్తే మూల కూర్చున్నది కనపడింది. కానీ పేషెంట్ వైపు నుంచి చూస్తే "కరోనా వచ్చింది, ఆ వెంటనే క్యాన్సర్ వచ్చింది". నేనైనా అలాగే అనుకునేదాన్ని.

మూడోది కొంచెం లోతైన సంగతి, స్టెరాయిడ్లు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ మీద ఉన్న కోవిడ్‌వాళ్ళ ప్రాణం కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ చెప్పింది, రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు. నిజమే, గొప్ప సంగతి. కానీ మన దగ్గర ఏమైంది, ఆక్సిజన్ 98 ఉన్నవాడికి కూడా వాట్సాప్‌లో తిరిగిన చీటీ చూసి మింగించారు. ఏఎల్ఎల్, లింఫోమా ఈ రెండింటికీ స్టెరాయిడ్ అనేది అసలు మందులో భాగం. అందుకని మింగగానే గడ్డలు కరుగుతాయి, బ్లాస్ట్ కణాలు, అంటే లుకేమియా పచ్చికణాలు, మాయమవుతాయి, మనిషి లేచి కూర్చుంటాడు, జ్వరం తగ్గిందని సంబరపడతారు. నెలా నెలన్నరకి మళ్ళీ వస్తుంది, ఈసారి మొండిగా వస్తుంది. మధ్యలో బయాప్సీ చేస్తే నాకు చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకవు, "సరిపడా లేదు, మళ్ళీ తీయండి" అని రాయాల్సొస్తుంది, పేషెంట్ వాళ్ళు ల్యాబ్‌నే తిడతారు. మెడలో గడ్డతో ఉన్న ఒక కాలేజీ పిల్లకి మూడుసార్లు తీయాల్సొచ్చింది. చివరికి హాడ్జికిన్ లింఫోమా. ఆ పిల్ల ఇప్పుడు బాగుంది, ఉద్యోగం చేస్తోంది, మొన్న స్వీట్లు పంపింది. అయితే లెక్కల్లో ఆమె 2021 మార్చిలో కాకుండా సెప్టెంబర్‌లో పడింది.

ఇలా ఒక్కొక్కరూ ఆరు నెలలు అటూ ఇటూ జరిగితే సిటీ గ్రాఫ్ ఎలా ఉంటుందో ఊహించండి. లోయ, దాని పక్కనే కొండ. అమెరికాలో కూడా ఇదే గొడవ, వాళ్ళ జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే కేసులు నమోదు చేసే విభాగంవాళ్ళు ట్రెండ్ గీత గీసేటప్పుడు 2020 సంవత్సరాన్ని పక్కనపెట్టేస్తున్నారు, దాన్ని కలిపితే గీత వంకర పోతుందని.

ఇంకో చిక్కు, కింద ఉండే అంకె. రేటు అంటే పైన కేసులు, కింద జనాభా. మన క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) కింద 1981లో మొదలైంది, హైదరాబాద్ జిల్లా కూడా అందులో ఉంది. సిటీలో కనీసం ఏడాదిగా ఉంటున్నవాళ్ళనే సిటీ కేసుగా లెక్కేయాలి. ఊరి నుంచి వచ్చి బోరబండలో మేనమామ ఇంటి అడ్రస్ ఇచ్చినవాళ్ళని వేరు చేయడం ఎంత కష్టమో రిజిస్ట్రీలో పనిచేసేవాళ్ళని అడగండి, కాళ్ళరిగిపోతాయి. ఇక జనాభా, 2011 లెక్కల్లో హైదరాబాద్ జిల్లా 39 లక్షల పైచిలుకు. 2021 జనగణన కరోనా వల్లే వాయిదా పడింది, కాబట్టి కింద అంకె 2011 నుంచి వేసుకున్న అంచనా. పైగా 2020 ఏప్రిల్, మే నెలల్లో సిటీలోంచి ఎంతమంది సొంతూళ్ళకి నడిచి వెళ్ళారో మనందరం చూశాం. పైన అంకె కదులుతోంది, కింద అంకె కూడా కదులుతోంది, మధ్యలో మనం "12 శాతం పెరిగింది" లాంటి హెడ్డింగ్ చూసి భయపడతాం.

అలాగే వార్డులు నిండాయంటే కొత్త కేసులు పెరిగాయని కాదు. ఏఎల్ఎల్ పిల్లలకి రెండేళ్ళ పైన మెయింటెనెన్స్ మందులు నడవాలి, లాక్‌డౌన్‌లో మధ్యలో ఆగిపోయినవాళ్ళకి జబ్బు తిరగబెట్టి వచ్చారు. వాళ్ళు మంచం ఆక్రమిస్తారు, రిజిస్ట్రీలో మాత్రం పాత కేసే.

సరే, అసలు అనుమానానికి వద్దాం. వైరస్ బ్లడ్ క్యాన్సర్ తేగలదా? కొన్ని వైరస్‌లు తేగలవు, ఇది నిజం. ఈబీవీ వల్ల కొన్ని లింఫోమాలు, హెచ్‌టీఎల్‌వీ 1 వల్ల ఒకరకం టీ సెల్ లుకేమియా, హెపటైటిస్ సి వల్ల ఇంకొన్ని లింఫోమాలు. కానీ వీటన్నింటి పద్ధతి ఒకటే, ఒంట్లో ఏళ్ళకేళ్ళు కాపురం ఉంటాయి. కరోనా వైరస్ మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళలో వచ్చి, గోల చేసి, వెళ్ళిపోయే రకం. ఇంకోటి టైము. హిరోషిమా, నాగసాకిలో అంత రేడియేషన్ పడితే లుకేమియాలు కనపడటానికే రెండేళ్ళు పట్టింది, ఎక్కువగా వచ్చింది ఇంకొన్నేళ్ళ తర్వాత. జ్వరం తగ్గిన మూడు నెలలకి బయటపడ్డ సీఎమ్ఎల్‌ని ఆ జ్వరం ఖాతాలో రాయలేం.

మీ ముగ్గురినీ విడివిడిగా చూడండి. సీఎమ్ఎల్, ఒక మూలకణంలో రెండు క్రోమోజోముల ముక్కలు అటూ ఇటూ మారి, ఆ కణం సంతానం కౌంట్లో కనపడేంత అవ్వడానికే ఏళ్ళు పడుతుంది. మైలోమా, దాదాపు ప్రతి కేసుకీ ముందు ఎంజీయూఎస్ అనే, లక్షణాలేవీ లేని తొలి దశ ఉంటుంది, యాభై దాటినవాళ్ళలో నూటికి ముగ్గురిలో అది ఉంటుంది, వాళ్ళలో ఏడాదికి ఒక్క శాతం మైలోమాకి మారతారు, అంటే అంకుల్‌కి బీజం ఎప్పుడో పడింది. చిన్న పిల్లల ఏఎల్ఎల్‌లో చాలావాటికి కణం జన్యువుల మీద పడే మొదటి దెబ్బ తల్లి కడుపులో ఉండగానే తగులుతుంది.

ఆ బాబు విషయంలో మాత్రం ఒక నిజాయితీ మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఇన్ఫెక్షన్ పాత్ర ఉందనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు మామూలువాళ్ళు కాదు. మెల్ గ్రీవ్స్ అని బ్రిటన్ సైంటిస్టు, ఆయన వాదన ఏంటంటే, పుట్టుకతో ఆ మొదటి దెబ్బ ఉన్న పిల్లల్లో, మొదటి ఏడాది సూక్ష్మక్రిములతో పెద్దగా పరిచయం లేకుండా పెరిగితే, తర్వాత మామూలు ఇన్ఫెక్షన్‌కి ఒళ్ళు అతిగా స్పందించి రెండో దెబ్బ పడుతుందని. 2009 స్వైన్ ఫ్లూ తర్వాత ఇటలీలోని మిలాన్‌లో నెల రోజుల్లో ఏడుగురు పిల్లలకి ఏఎల్ఎల్ వచ్చింది, అందులో ముగ్గురు ఒకే స్కూలు. టెస్ట్ చేస్తే ఏడుగురికీ ఆ ఫ్లూ వచ్చిపోయింది, స్కూల్లో మిగతా పిల్లల్లో మూడోవంతు మందికే వచ్చింది. కాబట్టి రెండేళ్ళు స్కూలు లేకుండా, పక్కింటి పిల్లలతో మట్టిలో ఆడకుండా పెరిగిన 2020 బ్యాచ్ పసిపిల్లల మీద పరిశోధకుల కన్ను ఉంది. కానీ మీ కింద ఫ్లోర్ బాబు 2020కి ముందే ఎల్‌కేజీ, యూకేజీ తిరిగినవాడు, ఆ కథ అతనికి సరిపోదు.

టీకా అన్నారు. అంకుల్‌కీ బాబాయికీ వేశారు సరే, ఆ బాబుకి ఎప్పుడు వేశారు? మన దగ్గర 12 నుంచి 14 ఏళ్ళవాళ్ళకే 2022 మార్చి 16న మొదలైంది, అంతకన్నా చిన్నవాళ్ళకి ప్రభుత్వం టీకా కార్యక్రమమే పెట్టలేదు. పెద్దవాళ్ళకి వేసిన కోవిషీల్డ్, కోవాక్సిన్ కోట్లమందికి వేశారు. అంతమందికి వేశాక ఆ తర్వాతి ఏడాది ఏ జబ్బొచ్చినా "టీకా తర్వాత" వచ్చిన జబ్బే అవుతుంది, షుగరైనా, బీపీ అయినా. బ్లడ్ క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారం లేదు.

బోరు నీళ్ళు. నల్లగొండ ఫ్లోరైడ్ విని ఉంటారు, అది ఎముకలని పాడుచేస్తుంది, లుకేమియా తేదు. బోరు నీళ్ళు హార్డ్ వాటర్ అయితే షవర్ పాడవుతుంది, అంతే. లుకేమియాకి రసాయనాల్లో గట్టిగా రుజువైంది బెంజీన్, అది కూడా ముఖ్యంగా ఏఎంఎల్‌కి, ఎక్కువగా పెట్రోలు, సాల్వెంట్ల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళకి. ఒకే నీళ్ళు తాగి ముగ్గురికి మూడు వేర్వేరు జబ్బులు రావు. పేరులో బ్లడ్ క్యాన్సర్ అని ఉన్నా ఈ మూడూ అన్నదమ్ములు కూడా కాదు, ఒకే వీధిలో ఉండే వేర్వేరు కుటుంబాలు అనుకోండి. దేశంలో లుకేమియా ఒక్కటే ఏడాదికి కొత్త కేసులు 50 వేల దగ్గర అని, ప్రపంచ క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబోకాన్ 2022 అంచనా, లింఫోమా, మైలోమా కలిపితే లక్ష దాటుతుంది. ఇన్ని వేల అపార్ట్‌మెంట్లున్న సిటీలో ఏదో ఒకదాంట్లో ముగ్గురు పడతారు. ఆ ఒక్కటి మనది అయినప్పుడే గుండెల్లో రాయి పడుతుంది, అది నాకు తెలుసు.

కరోనా నిజంగా దెబ్బ కొట్టింది అప్పటికే బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాళ్ళని. ఆ మొదటి ఏడాది లెక్కలన్నీ కలిపి చూస్తే, పెద్దవాళ్ళలో బ్లడ్ క్యాన్సర్ ఉండి ఎక్కువగా ఆస్పత్రి దాకా వచ్చిన కోవిడ్ పేషెంట్లలో 34 శాతం మంది పోయారు. నూటికి ముప్పై నాలుగు. లింఫోమాలకి ఇచ్చే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్ళకి టీకా వేసినా యాంటీబాడీలు సరిగా రావు. ప్లేట్‌లెట్ బ్యాగు ఐదు రోజులే ఉంటుంది, దాచుకోలేం. కాలేజీలు, ఐటీ కంపెనీల క్యాంపులు ఆగిపోగానే బ్లడ్ బ్యాంకులు ఖాళీ, డోనర్ దొరికినా "ఆస్పత్రికి రమ్మంటున్నారా, వద్దులెండి" అనేవాడు. ఇక మందులు. సీఎమ్ఎల్‌కి రోజూ వేసుకునే ఇమాటినిబ్ మన హైదరాబాద్ కంపెనీ నాట్కోనే 2003 నుంచి తయారుచేస్తోంది, ఊరిలో తయారయ్యే గోలీ ఊరి పక్కన పల్లెకి చేరక నెలా రెండు నెలలు మానేసినవాళ్ళ రిపోర్టుల్లో జబ్బు ఎంతుందో చెప్పే బీసీఆర్ ఏబీఎల్ అంకె మళ్ళీ పైకి లేవడం నేను వరసగా చూశా. వీళ్ళెవరూ "కొత్త కేసుల రేటు"లోకి రారు.

అందుకే నన్నడిగితే, సిటీలో కరోనా ఏం చేసిందో తెలియాలంటే ఎన్ని కేసులని కాదు, వచ్చేటప్పటికి ఏ దశలో ఉన్నారు, మొదటి లక్షణం నుంచి మొదటి సీబీసీకి ఎన్ని రోజులు పట్టింది, మందు మధ్యలో ఎంతమంది మానేశారు, ఇవి చూడాలి.

ఇంట్లోవాళ్ళకి మీరు చెప్పాల్సింది కొంచెమే. వారం దాటిన జ్వరానికి, కారణం తెలియని నీరసానికి, చిగుళ్ళ రక్తానికి, ఒంటి మీద దెబ్బ తగలకుండా వచ్చిన కమిలిన మచ్చలకి ఒక సీబీసీ, దాంతోపాటు స్మియర్ చూడమని చీటీ మీద రాయించుకోండి, మెషిన్ అంకె ఇస్తుంది, కణం మొహం మనిషే చూడాలి. మెడలో గడ్డ ఉంటే బయాప్సీ అయ్యేదాకా స్టెరాయిడ్ మింగొద్దు. అంతకుమించి ఏడాదికోసారి ఫుల్ బాడీ ప్యాకేజీలు కొనాల్సిన పనిలేదు.

చివరగా మీ బాబాయి గారి సంగతి. కరోనాకి ముందా వెనకా అనేది ఆయన విషయంలో తేల్చే దారి ఒకటి ఉంది. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు 2018, 2019లో కంపెనీ హెల్త్ చెకప్ చేయించుకుని ఉంటే ఆ పాత సీబీసీ కాగితం బీరువాలో వెతకండి. ఇలాగే అడిగిన ఒకావిడ వాళ్ళ ఆయన 2019 నవంబర్ రిపోర్టు తెచ్చారు, తెల్లకణాలు 16,800, బేసోఫిల్స్ (ఒకరకం తెల్లకణాలు) 4 శాతం, రెండూ ఉండాల్సినదాని కన్నా ఎక్కువే, పక్కన పెన్నుతో "ఇన్ఫెక్షన్, మళ్ళీ చూడాలి" అని రాసుంది, మళ్ళీ ఎవరూ చూడలేదు. అంటే వూహాన్ పేరు మనం వినకముందే ఆయనకి సీఎమ్ఎల్ ఉంది. మీ దగ్గర అలాంటి కాగితం దొరికితే ఫోటో తీసి పెట్టండి, బేసోఫిల్స్ లైను, ప్లేట్‌లెట్ల లైను స్పష్టంగా కనపడాలి, పేరూ ఫోన్ నంబరూ ఉన్న పైభాగం మడతపెట్టి తీయండి. ఆదివారం చూసి చెప్తా.